యాడ్ అన్న ఒక్క మాట

ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూసే ఆమెను అందరూ నెట్టమ్మ అంటారు. కంప్యూటర్లు సవ్యంగా నడిచినన్నాళ్లూ ఆమె ఊసే ఎవరికీ పట్టదు. ఆగాయో, అందరి నోటా ఆమె మాటే.

ఆ పొద్దున అత్తగారు అడిగింది.

"మూడు నెలలకి దొరికాడు కంటి డాక్టరు. సెలవు పెట్టి తోడు రాకూడదూ?"

"నేనుండేది ఆ మేడలోనేగా అత్తయ్యా! నేను లేకపోతే అక్కడ అన్నీ ఆగిపోతాయి" అంది నెట్టమ్మ, కాస్త గొప్పగానే.

ఆఫీసులో కూర్చుందో లేదో మేనేజరు ఫోన్. "మూడో అంతస్తులో కొత్త ఫోన్లు మోగట్లేదు. రెండు నిమిషాల పనేగా, చూసెయ్!" ఆయనకు లోకంలో పనులన్నీ రెండు నిమిషాలవే, చేసేది వేరేవాళ్లయితే.

కంప్యూటర్లను కలిపే పెట్టెను స్విచ్ అంటారు; కింది స్విచ్‌కూ మూడో అంతస్తు స్విచ్‌కూ మధ్య ఉన్నది ఒకటే తీగ. పేర్లు పిలిచే కౌంటరుకు వీలాన్ అనే విడి బాట ఒకటి, డాక్టర్లకొకటి, అన్నీ దేని దారి దానిదిగా ఆ తీగ గుచ్చిన ట్రంక్ పోర్టులోంచే పోవాలి. ఉన్నవాటికి ఫోన్లది కలపాలంటే ఆదేశంలో యాడ్ అని కొట్టాలి. కొట్టకపోతే ఆ మొండి యంత్రం ఇకపై ఇదొక్కటే చాలనుకుని మిగతావాటిని గెంటేస్తుంది. ఇది నెట్టమ్మకు తెలియక కాదు. మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ చిరాకులో, తన గదిలోంచే మూడో అంతస్తు స్విచ్‌కు ఆదేశం ఇస్తూ, యాడ్ మరిచిపోయి ఎంటర్ కొట్టేసింది.

తెర బిగుసుకుపోయింది. మూడో అంతస్తు మొత్తం తెగిపోయింది, ఆమె అక్కడికి చేరే దారితో సహా. కూర్చున్న కొమ్మను తనే నరుక్కుంది. "ఛీ, నా బుద్ధికి!" అని తిట్టుకుంటూ లాప్‌టాప్, తీగ పట్టుకుని మెట్లెక్కింది.

స్విచ్ ఉన్న బీరువా కంటి విభాగం వరండాలో ఉంది. దాని తలుపుకే ఆనించి ఎవరో మహానుభావుడు బెంచీ వేయించాడు. బెంచీ నిండా జనం. సరిగ్గా తలుపుకు వీపు ఆనించి, కళ్లలో మందు వేయించుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నది సాక్షాత్తూ అత్తగారే.

"కాస్త లేవండమ్మా, బీరువా తెరవాలి" అంది ఆయా.

"చస్తే లేవను. లేస్తే నా వరస పోతుంది. ఎవరో బుద్ధిలేనివాళ్లు కంప్యూటర్లు ఆపేశారట, పేరు పిలిచే దిక్కు లేదు. డాక్టరేమో ఆపరేషన్లకి వెళ్లిపోతాడట!"

నెట్టమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

"లేవండి అత్తయ్యా. ఆ బుద్ధిలేనిదాన్ని నేనే."

అత్తగారు కళ్లు తెరిచి, మసక చూపుతోనే ఆమెను పోల్చుకుని, చేతిసంచీ తీసుకుని లేచింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

తీగ గుచ్చి, పోయినవాటిని ఒక్కొక్కటే తిరిగి కలిపింది, ప్రతిసారీ యాడ్ ఉందో లేదో చూసుకుంటూ. కౌంటర్లో తెరలు వెలిగాయి. అప్పటికే డాక్టరు గది ఖాళీ. నర్సు మళ్లీ మూడు నెలల తర్వాతి తేదీ ఇచ్చింది.

అత్తగారు కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగింది.

"ఈసారి నేనొచ్చే రోజు నువ్వు సెలవు పెట్టు."

"తప్పకుండా పెడతాను అత్తయ్యా. మీ పక్కనే ఉంటాను."

"పక్కన అక్కర్లేదు. ఇంట్లో ఉండు, చాలు."