సెరూలియన్ రంగు పట్టు

మొన్న మా మనవరాలు బొమ్మలకు వేసే రంగుల డబ్బా ముందేసుకుని, ఒక రంగు పేరు ఎట్లా పలకాలో ఫోన్‌ను అడిగింది. ‘సెరూలియన్’ అని అది తీయగా పలికింది. నాకు తెలుసులే అన్నాను. పిల్ల నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకూ లేదు.

ధర్మవరంలో మా నాయన పట్టుకు రంగులద్దేవాడు. అరవైల నాటి మాట. రంగును పేరు పెట్టి అడిగే అలవాటు అప్పట్లో లేదు. కావలసిన రంగు పోగు ఒకటి ఉత్తరంలో మడిచి పంపితే, నాయన దాన్ని ఎండలో పట్టి చూసి, అచ్చం అదే దించేవాడు. కూరలో ఉప్పు తప్పినా నోరెత్తని మనిషికి, రంగు మాటకొస్తే మాత్రం ముక్కు మీద కోపం. ఆయన రంగు తప్పిందన్నవాళ్ళు అంతవరకూ లేరు. అలాంటాయనకు హిందూపురం షావుకారు ఒకసారి పోగు లేకుండా ఉత్త ఇంగ్లీషు మాటొకటి రాసి పంపాడు. బెంగుళూరు పెళ్ళివాళ్ళ ఆరు చీరలకు ఆ రంగు పట్టు కావాలట. పోగు పంపమని తిరిగి రాస్తే, తెలియదని ఒప్పుకున్నట్టే కదా. నాయన నేరుగా పెనుకొండ రైలెక్కాడు.

అక్కడ మా మేనమామ ఇంగ్లీషు అయ్యవారు. అడిగింది రంగు, ఆయన చెప్పింది పాఠం. మాటను నాలుగు ముక్కలు చేసి, రెండో ముక్క మీద బరువు వేయాలని నాయన చేత మూడుసార్లు పలికించాడట. లాటిన్ నుంచి వచ్చిందనీ, దాని మూలం ఆకాశమని పెద్దలంటారనీ చెప్పాడట. నాయనకు ఆ ఒక్క ముక్క చాలింది. ఇంటికొచ్చి, మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబడి తల పైకెత్తి చూశాడు.

అది వరసగా రెండో కరువు ఏడు. ఆకాశం ఉతికి ఉతికి వెలిసిన పంచెలా, నీలమో తెలుపో తేలనట్టు ఉండేది. నాయన సరిగ్గా దాన్నే పట్టులోకి దించాడు. అంత నిజమైన రంగు నేను మళ్ళీ చూడలేదు.

షావుకారు వచ్చి, చిలపలుగా చుట్టిన పట్టు దారాన్ని తిప్పితిప్పి చూసి, రంగు తప్పిందన్నాడు. పెళ్ళివాళ్ళు అడిగింది నిండు నీలమట.

“ఆకాశం రంగని చెప్పినారప్పా. మా ఊరి ఆకాశం ఇట్లే ఉండాది. వేరేది యాడుండాదో చూపిచ్చు, అదే అద్దుతా,” అన్నాడు నాయన.

షావుకారు చిలపలు అక్కడే పెట్టి బస్సుకు పోయాడు. ఆ రోజు నాయన అన్నం ముట్టలేదు. నాకు ఆయన మీద జాలి, మామ మీద చెప్పలేనంత కోపం. ఒక్క చిలపైనా ఉంచమని నాయనను బతిమాలాను.

“తప్పిన రంగు ఇంట్లో పెట్టుకోగూడదు పాపా,” అన్నాడు అలసిన గొంతుతో.

లేత రంగు మీద ముదురు ఎక్కుతుంది, ముదురు మీద లేత ఎక్కదు. మరునాడు అన్నీ నేరేడు రంగు గంగాళంలో మునిగాయి. ఆ పట్టు చీరలై ఎవరెవరి ఇళ్ళకు పోయిందో, ఎప్పుడో చిరిగిపోయే ఉంటుంది. ఆ నేరేడు రంగు అడుగున ఒక కరువు ఏటి ఆకాశం ఉండేదని తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.