నాగులమ్మ ఆవు తాగిన నీళ్లు

పలమనేరుకు దగ్గర్లోని ఒక పల్లెలో దేవకమ్మకు రెండు పాడి ఆవులుండేవి. మొగుడు గోవిందు శెనక్కాయ చేను చూసుకుంటే, ఆవుల సంగతంతా ఆమెదే. ఎనభైల మొదట్లో వానలు ముఖం చాటేసినాయి. పచ్చగడ్డి అన్న మాటే లేదు. వట్టి వరిగడ్డితో ఆవులు బతికినాయి గానీ, పాలు అడుగంటినాయి.

అప్పుడు పాలకేంద్రానికి వచ్చే పశువుల డాక్టరు ఏకాంబరం ఒక ఉపాయం చెప్పినాడు. కాస్త యూరియా, చక్కెర మిల్లులో మిగిలే చెరుకు మడ్డి కాస్త నీళ్లలో కలిపి గడ్డిమీద చల్లి పెట్టమన్నాడు. చేలో వేసే ఎరువు ఆవుకు పెట్టడమేందని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. దేవకమ్మ మాత్రం ఆయన్ను వదలకుండా అడిగింది. ఆవు పెద్దపొట్టలో గడ్డి దోసెపిండి మాదిరి పులుస్తుందని, దాన్ని పులియబెట్టేవి కంటికి ఆనని జీవాలని ఆయన ఓపిగ్గా చెప్పినాడు. వట్టి గడ్డితో అవి నీరసిస్తాయి. మడ్డిలో తీపి, యూరియాలో సారం అందితే అవి పెరిగి, గడ్డిని అరగదీసి, చివరికి తామే ఆవుకు ఆహారమైపోతాయి. అయితే కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. ఒక్కసారిగా ఎక్కువ పడితే పొట్టలో ఘాటైన వాయువు పుట్టి నెత్తురుకెక్కుతుంది. అట్లా జరిగితే ఆలస్యం చెయ్యకుండా పుల్లటిది పట్టించాలన్నాడు.

ఆవులు గడ్డి ఇష్టంగా తిన్నాయి. నెల తిరిగేసరికి పాలు పెరిగినాయి. దేవకమ్మ ముఖంలో కళ వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె యూరియా నీళ్లు కలిపి, బానను గోడవార పెట్టి, గడ్డి దూసుకొచ్చేదానికి వామి దగ్గరికి పోయింది. వచ్చి చూస్తే బాన సగం ఖాళీ. పక్కింటి నాగులమ్మ ఆవు తెగిన పలుపుతో దొడ్లోంచి వెళ్లిపోతా ఉంది. నాగులమ్మకు మొగుడు లేడు. ఆ ఒక్క ఆవే ఆమెకు ఆధారం.

దేవకమ్మ వెంటపడి పోయేలోపలే ఆవు తూలి, నాగులమ్మ వాకిట్లో కూలబడింది. ఒళ్లంతా వణుకు, నోట్లో నురగ, పొట్ట ఉబ్బు. చేరిన జనం, వానల్లేక విషమెక్కిన జొన్నపిలకలు తినుంటుందన్నారు. చేనునుంచి వచ్చి సగం ఖాళీ అయిన బానను చూసిన గోవిందుకు, ఆ ఆవు పోతే బదులు ఆవును యాడినుంచి తేవాలని భయం పట్టుకుంది. పెండ్లాన్ని పక్కకు లాగినాడు.

"నోరు మెదపొద్దు. జొన్న తిన్నాదనే అనుకుంటా ఉండారు కదా."

ఆమెకూ భయంగానే ఉండింది. కానీ ఏం తాగిందో చెప్పకపోతే దానికి తగిన మందు పడదు. దేవకమ్మ పోయి నాగులమ్మ ఎదురుగా నిలబడింది.

"అక్కా, నా బానలో యూరియా నీళ్లు తాగింది. మూత పెట్టకుండా పోయింది నేనే. పుల్లమజ్జిగ ఎంత దొరికితే అంత తెప్పియ్యి. తరవాత నన్ను ఎంతైనా తిట్టు."

నాగులమ్మ ఆమె ముఖంలోకి ఒక్క చూపు చూసి, మజ్జిగ కోసం పరిగెత్తింది. ఇంటింటి పుల్లమజ్జిగ, చల్లనీళ్లలో పిసికిన చింతపండు పులుసు అన్నీ వచ్చినాయి. ఆవు తల ఎత్తిపట్టింది గోవిందే. దేవకమ్మ వెదురుగొట్టంతో గుక్కగుక్కగా పోసింది. ఎవరో సైకిలెక్కి పోయి ఏకాంబరాన్ని పిలుచుకొచ్చినారు. ఆయన పొట్టలోని గాలి తీసి, సూది మందు వేసినాడు. పొద్దు వాలేసరికి ఆవు లేచి నిలబడింది. తెల్లారి నెమరేసింది.

ఆవైతే దక్కింది గానీ నాగులమ్మ మాటలు మానేసింది. ఊళ్లో ఇంకెవరూ యూరియా జోలికి పోలేదు. పాలు ఎండిన ఆ ఆవు మళ్లీ పాలకు వచ్చేదాకా దేవకమ్మ రోజూ ఒక చెంబు పాలు ఆ గడపలో పెట్టి వచ్చేది. కడిగిన చెంబు తిరిగి వచ్చేది, పలకరింపు మాత్రం వచ్చేది కాదు.

ఎండలు ముదిరి గడ్డి కూడా కరువైన రోజుల్లో నాగులమ్మే తన దగ్గర మిగిలిన వట్టిగడ్డిని మోపు కట్టి నెత్తిన పెట్టుకొని వచ్చింది.

"దీనికీ ఆ నీళ్లు సల్లియ్యి దేవకీ. నాకు కొలత తెలీదు."

తర్వాత పక్క ఊళ్ల ఆడవాళ్లు కూడా నేర్చుకునేదానికి వచ్చేవాళ్లు. దేవకమ్మ కొలత చెప్పకముందే, ఆ మధ్యాహ్నం జరిగిందంతా చెప్పేది. పక్కనే కూర్చున్న నాగులమ్మ, ఆ ఆవు తనదేనని, ఇప్పుడు రెండో ఈత ఈనిందని మధ్యలో అందుకునేది.