మీసాల వడ్లు

అచ్చియమ్మ కాపురానికి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు ఆమె కొంగున ఒక మూట ఉంది. అందులో బంగారం ఉందేమోనని రైల్లో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు. ఉన్నవి వడ్లు. ఎర్రగా, పొట్టిగా, ఒక్కో గింజకీ పొడుగాటి మీసంతో, చూసినవాళ్ళకి ఏ ఆశా పుట్టించని వడ్లు.

ఆమె పుట్టిల్లు కళింగపట్నానికి దిగువన, సముద్రపు పాయని ఆనుకున్న పర్ర నేల. అమావాస్యకీ పున్నానికీ పోటు నీరు మడుల్లోకి ఎక్కేది. ఎండాకాలంలో ఉప్పు తెల్లగా పేరుకుని, నడిస్తే కాళ్ళ కింద కరకరలాడేది. అక్కడ వేరే వరి వేస్తే నాలుగాకులు తొడగక ముందే మాడిపోయేది. మీసాల వడ్లు మాత్రం బతికేవి. పెళ్ళయి వెళ్ళే పిల్లకి గుప్పెడు విత్తనం కట్టి ఇవ్వడం ఆ ఊరి ఆనవాయితీ. ఆడపిల్లలు వెళ్ళేది ఆ చుట్టుపక్కల ఉప్పు ఊళ్ళకే కాబట్టి ఆ గుప్పెడూ అక్కడ పనికొచ్చేది. అచ్చియమ్మ ఒక్కతే రైలెక్కింది.

భర్త అమ్మన్న లోకో షెడ్డులో ఖలాసీ. ఇంజన్ల బాయిలర్లు కడగడం అతని పని. రైల్వే వాళ్ళిచ్చిన క్వార్టరు ముందు అగ్గిపెట్టెంత జాగా ఉంటే అందులో తులసి పెట్టింది గాని, వడ్లకి ఆ చోటు చాలలేదు. తోర్వా వైపు పల్లంలో ఫిరంతిన్ బాయి అనే రైతు ఉండేది. నాట్ల రోజుల్లో వచ్చి ఒంగుతానంటే తన మడి చివర చిన్న చెక్క ఇస్తానంది. అచ్చియమ్మ ఒప్పుకుంది.

మొదటి ఏడు వెన్నులు బయటికి రాగానే ఫిరంతిన్ పరుగున వచ్చింది.

"ఏ తో కర్గా ఆయ్, బహినీ," అంది, నడుం మీద చేతులు వేసుకుని.

కర్గా అంటే ఆ దేశంలో మడుల్లో దానంతటదే మొలిచే అడవి వరి. దానికీ మీసాలే. గింజ ముదరకుండానే రాలిపోతుంది, పక్కనున్న మంచి వరిలో కలిసి దాన్నీ పాడు చేస్తుంది. కర్గా పీకని రైతుని అక్కడ ఎవరూ లెక్కచెయ్యరు.

"ఇది కర్గా కాదు. మా ఊరి అన్నం," అంది అచ్చియమ్మ, వచ్చీరాని హిందీలో.

"నీ అన్నమే, కాదనను. గాలికి నా మడిలోకి వస్తే ఎవరి అన్నం అవుతుంది?"

మీసం మరీ పొడుగున్న దుబ్బుల్ని పీకెయ్యాలని ఇద్దరూ రాజీపడ్డారు. మిగిలినవాటిలో విత్తనానికి అచ్చియమ్మ మంచి వెన్నులే ఏరేది. ఒరిగిపోనివి, గింజ నిండుగా పట్టినవి. ఏ రైతు బిడ్డయినా చేసే పనే. ఏటికేడాదీ అలాగే పీకింది, అలాగే ఏరింది. మీసాలు పొట్టివయ్యాయి. తర్వాత పోయాయి. బియ్యంలో ఎరుపు తగ్గి లేత రంగుకి వచ్చింది. ఫిరంతిన్ ఒక పంట కాలంలో గింజ కొరికి చూసి, "ఇన్నాళ్ళకి నీ వడ్లు మనుషుల్లో కలిశాయి," అంది. అచ్చియమ్మకి అది మెప్పుగానే తోచింది. తనూ అలాగే కలిసింది కదా. ఆమెకి పిల్లలు నిలవలేదు. చేతులారా పెంచి పెద్ద చేసింది ఏదైనా ఉందంటే ఆ వడ్లే.

పుట్టింటి ఊళ్ళో ఈలోగా వేరే కథ నడిచింది. ఊరివాళ్ళు కలిసి పాయకి అడ్డంగా కరకట్ట వేసుకున్నారు. ఉప్పు రావడం ఆగింది, వానలకి నేల తీపెక్కింది. జనం తెల్ల వడ్లకి మరిగారు. మీసాల వడ్లు దంచి దంచి ఆడవాళ్ళ చేతులు పుండయ్యేవి, అందుకని ఆఖరి గాదెలోవి కూడా తినేసి ఊరుకున్నారు. అచ్చియమ్మ జుట్టు సగం నెరిసిన రోజుల్లో, ఒక కార్తీకంలో తుపాను వచ్చి కట్టని ఊడ్చుకుపోయింది. సముద్రం మళ్ళీ మడుల్లోకి వచ్చింది.

మరుసటి వేసవి చివర ఆమె తమ్ముడు అప్పలకొండ బిలాస్‌పూర్‌లో దిగాడు. నెత్తిమీద బరువైన గోనె సంచి.

"ఏటిరా అది, కొబ్బరికాయలా?" అంది అచ్చియమ్మ.

"మట్టి, అప్పా."

"ఇక్కడ మట్టి నేదని ఎవులు సెప్పినారు నీకు?" అన్నాడు అమ్మన్న, బీడీ ఆర్పి.

"టికెట్టు బాబూ అదే అడిగినాడు బావా. అస్తికలేటోనని అనుమానపడ్డాడు. కాదండి, మా మడండి అన్నాను. నవ్వీసి వొగ్గీసినాడు."

ముగ్గురూ నవ్వారు. తర్వాత అప్పలకొండ వచ్చిన పని చెప్పాడు. ఊళ్ళోనూ, ఆడపిల్లల్నిచ్చిన చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎవరి దగ్గరా మీసాల విత్తనం లేదు, అందరూ తెల్ల వడ్లకే మరిగారు. ఉన్నది అక్క దగ్గరే. ఏ విత్తనమైనా తమ మట్టిలో పండించి చూశాకే నమ్మడం వాళ్ళ పద్ధతి కాబట్టి మట్టి తెచ్చుకున్నాడు. ఇక్కడ పండితే వచ్చే ఏడు తన మడికి విత్తనం. పండకపోతే ఆ మడి వదులుకోవాల్సిందే.

అచ్చియమ్మ లోపలికి వెళ్ళి విత్తనం బుట్ట తెచ్చి ముందు పెట్టింది. అతను దోసిట్లోకి తీసుకుని, వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అప్పా, మీసాలేవి?"

"ఊరు మారింది కదరా, గెడ్డం గీసుకున్నాయి," అన్నాడు అమ్మన్న. ఈసారి ఎవరూ నవ్వలేదు.

షెడ్డు నుంచి అడుగు గట్టిగా ఉన్న పాత పీపా ఒకటి తెచ్చి, సగానికి కోయించి, వసారా చూరు కింద వాన పడని చోట పెట్టారు. మట్టి నింపి, నీళ్ళు పోసి, ఆషాఢంలో విత్తనం చల్లారు. మొలకలు పచ్చగా లేచాయి. అమావాస్యకీ పున్నానికీ అచ్చియమ్మ దోసెడు కల్లుప్పు నీళ్ళలో కరిగించి పోసేది, పోటు వచ్చినట్టు.

"ఉప్పు నీళ్ళు ఇంజనుకి పోస్తే నా ఉజ్జోగం పీకేస్తారు. మీ అప్ప సూడు, కొని మరీ పోస్తంది," అనేవాడు అమ్మన్న.

అప్పలకొండ షెడ్డులో బొగ్గు మోసే పనికి కుదిరి, పొద్దుటా సాయంత్రం పీపా ముందు కూర్చునేవాడు. ముందు ఆకుల కొసలు తెల్లబడ్డాయి. తర్వాత చుట్టుకుపోయాయి. శ్రావణం వెళ్ళేసరికి పీపాలో చాలా మట్టుకు గడ్డిపరకల్లా ఎండి పడిపోయాయి.

వెనక వరసలో ఉండే గార్డు గారబ్బాయి శంకరరావు ప్రభుత్వ వరి క్షేత్రంలో పనిచేసేవాడు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు అచ్చియమ్మ అతన్ని పిలిచి చూపించింది. అతను వంగి, ఎండిన మొక్క ఒకటి వేళ్ళతో సహా లాగి చూశాడు.

"అచ్ఛా. ఇక్కడెప్పుడైనా ఉప్పు నేలలో వేశావా పిన్నీ?"

"మంచి మడుండగా ఉప్పు నేల ఎందుకేస్తాను నాయినా?"

"అదే. ఉప్పుకి ఓర్చే గుణం వరిలో ఒక్కటిగా ఉండదు. వేరు దగ్గర ఉప్పుని ఆపేది ఒకటి, ఆకులో దాన్ని ఓ మూలకి నెట్టేది ఒకటి, పూత వేళ కాపాడేది ఇంకోటి. గింజ గింజకీ అందులో ఎన్ని ఉంటాయో వేరు. మీ ఊళ్ళో ఏటేటా ఉప్పే ఏరేది. ఆ గుణాలు లేనివి చచ్చిపోయేవి. ఇక్కడ నువ్వు ఏరావు."

"నాను మంచివే ఏరినాను," అంది అచ్చియమ్మ.

"మంచివే ఏరావు పిన్నీ," అన్నాడు శంకరరావు. "కంటికి కనిపించే మంచి అది. పైగా గాలికి ఇక్కడి వరి పుప్పొడి కూడా కలిసుంటుంది. ఎవరి తప్పూ లేదు."

తప్పు ఎవరిదని ఆమె అడగలేదు. మూడు దుబ్బులు ఇంకా పచ్చగా ఉన్నాయి. "ఇవి సావలేదు కదా," అంది.

"చావలేదు," అన్నాడు అతను.

ఆ మూడు దుబ్బుల మీద ఇల్లంతా బతికింది. అవి పిలకలు వేశాయి. ఆశ్వయుజంలో అమ్మన్న కూడా డ్యూటీ దిగగానే చేతుల మసి కడుక్కోకుండా పీపా దగ్గరికే వచ్చేవాడు. కార్తీకం ముందర వెన్నులు బయటపడ్డాయి. ఒక దుబ్బుకి పొడుగాటి ఎర్ర మీసాలు. ఎన్నేళ్ళ కిందటో పీకేశానని అచ్చియమ్మ అనుకున్న మీసం ఎక్కడ దాక్కుందో, అక్కడి నుంచి బయటికొచ్చింది. అప్పలకొండ ఆ మీసాన్ని వేలితో ముట్టుకుని, "ఇది మాదే అప్పా," అన్నాడు. ఆ పూట అతను కడుపునిండా తిన్నాడు. ఊరి కబుర్లు చెప్పాడు. కట్ట లేకపోయినా పరవాలేదన్నాడు. పెళ్ళానికి కబురంపించనా అని అడిగితే అచ్చియమ్మే, "గింజ పట్టనీరా," అంది.

గింజ పట్టలేదు. వెన్నులు పాలు పోసుకోవలసిన రోజులు వచ్చాయి, వెళ్ళాయి. ఒక్కటీ బరువుకి వంగలేదు. అప్పలకొండ ఒక గింజని గోళ్ళ మధ్య నొక్కాడు. పొట్టు ఖాళీగా అణిగింది. ఇంకోటి నొక్కాడు. మూడు దుబ్బులూ అయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాడు. అంతా తాలే.

శంకరరావు మళ్ళీ వచ్చాడు. మొక్కగా ఉన్నప్పుడు కాపాడే గుణం వీటిలో మిగిలింది, పూత వేళ కాపాడేది మిగల్లేదు అన్నాడు. తీరం పొడుగునా ఉప్పు ఊళ్ళన్నీ తిరిగి పాత విత్తనం ఎక్కడైనా దొరికితే దీనితో కలిపి, ఉప్పులోనే ఏరుకుంటూ పోతే రావచ్చు అన్నాడు.

"ఎన్నాళ్ళు పడతాదండి?"

"పదేళ్ళు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే కావచ్చు."

"అందాకా పిల్లలకేటి పెట్టమంటారు?" అన్నాడు అప్పలకొండ. కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగాడు.

పీపాలోని మట్టిని అతను తిరిగి గోనెలోకి ఎత్తలేదు. పెళ్ళాం పిల్లలతో విశాఖపట్నంలో బర్మా దేశపు రంగానికి పోయే ఓడ ఎక్కుతానన్నాడు. ఊళ్ళో సగం మంది అప్పటికే రంగంలో బియ్యం మిల్లుల్లో మూటలు మోస్తున్నారు. షెడ్డులోనే ఉండిపొమ్మని అమ్మన్న అంటే, "పంట కోసం ఒచ్చినోణ్ణి బావా, బొగ్గు సూస్తా ఇక్కడ ఉండలేను," అన్నాడు. స్టేషన్లో అచ్చియమ్మ విత్తనం బుట్ట అతని చేతిలో పెట్టబోయింది. అతను తీసుకోలేదు.

"తీపి నేలలో బాగా పండుతాదప్పా. నువ్వుంచుకో."

ఆ తర్వాత ఆమె ఫిరంతిన్ చెక్కలో వరి వేసింది, కోసింది, తిన్నది. విత్తనం మాత్రం ఇక ఏరలేదు. కళ్ళంలో ఏది ముందు చేతికొస్తే అది తీసి ఉంచేది.

యుద్ధం వచ్చింది. రంగం మీద బాంబులు పడ్డాయి. అడవుల వెంట నడిచి జనం కలకత్తా చేరుతున్నారని షెడ్డులో చెప్పుకున్నారు. మిగతావాళ్ళు ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోతారు, అప్పలకొండకి పోవడానికి మడి లేదు గనుక ఇక్కడికే రావాలి అని అచ్చియమ్మ లెక్క. ఆ వేసవంతా కలకత్తా బండి వచ్చే వేళకి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. దిగినవాళ్ళలో ఎముకలు తేలినవాళ్ళున్నారు, పాదాలకి గుడ్డలు చుట్టుకున్నవాళ్ళున్నారు. తెలుగు వినిపిస్తే దగ్గరికి వెళ్ళి తమ్ముడి పేరు, ఊరి పేరు చెప్పేది. ఆ ఊరి పేరు విన్నవాళ్ళే తక్కువ. అమ్మన్న ఒక రోజు వెతుక్కుంటూ వచ్చి, "పద, అన్నం సల్లారిపోతంది," అన్నాడు. ఇంకో బండి ఉందంది ఆమె.