లిఫ్టులో పేడ వాసన

నా చిన్నప్పుడు గల్ఫులో, హవల్లీలో మా కింది అంతస్తులో ఉన్న జపాన్ ఆంటీ గురించి ఆ బిల్డింగు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు: "మోకాళ్ళ మీద కూర్చుని లిఫ్టు తుడిచింది తల్లీ, జపాన్ వాళ్ళ శుభ్రత అంటే అదీ!" శుభ్రతా నా మొహం! ఆవిడ కోపంతో తుడిచింది. పక్కనే నిలబడి చూసినదాన్ని నేను.

ఆవిడది టోక్యోకి రైల్లో గంట దూరంలో ఉన్న ఊరు. తెల్లారేసరికి సగం ఊరు సూట్లు వేసుకుని స్టేషన్ మీద పడుతుందట. ఇళ్ళ మధ్య మాత్రం ఉల్లికాడల మళ్ళు, పాలకూర మళ్ళు. వాళ్ళ నాన్నకీ అలాంటి మడిచెక్క ఒకటి ఉండేది. కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఆయన పాలకూర తింటూనే, ఆయన ఎరువు చల్లితే కిటికీలు ధడాలున మూసేవారట. బట్టలు ఆరేసే రోజున చల్లొద్దని ఆజ్ఞ కూడానట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వేది కాదు.

మాకూ అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు. జగిత్యాల నుంచి వచ్చి, ఊరి బయట కబ్ద్‌లో ఒక తోటలో పనిచేసే బాబాయి. శుక్రవారాలు తోటకూర, గోంగూర తెచ్చేవాడు. ఆకుకూర అందరికీ కావాలి. ఆయన లిఫ్టెక్కితే మాత్రం అందరికీ ముక్కులు గుర్తొచ్చేవి. చివరికి లిఫ్టు ఎక్కొద్దన్నారు. "మెట్లెక్కి వస్త తియ్యక్కా, నాకు కాళ్లు లెవ్వా ఏంది" అన్నాడు మా అమ్మతో, మూట భుజం మార్చుకుంటూ.

ఆంటీ ఆ మాట విని, అర్థమేంటో నన్నడిగింది. వచ్చేవారం కూర కడగకుండా, వేళ్ళతో సహా తెమ్మని నాచేత బాబాయికి చెప్పించింది. ఆ శుక్రవారం బిల్డింగు అందర్నీ డాబా మీదికి టీకి పిలిచి, పేడమట్టి అంటుకున్న కట్టల్ని రెండు చేతులతో, నడుం వంచి మరీ అందించింది. అంత మర్యాదగా ఇస్తే కాదనలేరు కదా! పుచ్చుకుని లిఫ్టులో దిగారు. లిఫ్టంతా మట్టి, కంపు, ఈసారి వాళ్ళ చేతుల్లోంచే.

నేను పగలబడి నవ్వాను. ఎంతసేపు? బిల్డింగు కాపలాదారు హారిస్ లిఫ్టు దగ్గరికి వచ్చి "యల్లా, సాఫ్ కరో" అంటూ బాబాయి చేతికే గుడ్డ ఇచ్చేదాకా. బాబాయి వంగబోతుంటే ఆంటీ ఆ గుడ్డ లాక్కుంది. "మా నాన్న కూడా పొరుగువాళ్ళ ముందు ఇలాగే వంగాడు" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. అని, మోకాళ్ళ మీద కూర్చుంది. అదీ మీరు చెప్పుకునే శుభ్రత!

అప్పటినుంచి ఎవరైనా ముక్కు మూసుకుంటే ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూడడం నాకు అలవాటైపోయింది. ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆ లెక్క తేలలేదు. మా అమ్మ నర్సు. రోజంతా రోగుల మలమూత్రాలు మొహం చిట్లించకుండా ఎత్తిన మనిషి. పుట్టింది కూలిపని చేసే ఇంట్లో. బాబాయి లిఫ్టెక్కితే అందరికన్నా ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నది ఆవిడే.

ఎందుకమ్మా?