మేడమీద హాల్లో గోదావరి వంతెన

ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన 2001లో మావారు మా రాజమండ్రి ఇంటి మేడమీద హాల్లో బొమ్మ రైలు వేయడం మొదలుపెట్టారు. బొమ్మ రైలు అంటే ఆయనకు కోపం వచ్చేది. మోడల్ రైల్వే అనాలట. పేరు మారిస్తే పనికిమాలిన పని పనికొచ్చేది అయిపోతుందనుకునే మగవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి నా మాట నేను మార్చుకోలేదు.

ఆ హాలు నాది. కాగితాల మీద కాదు, వాడకంలో. హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వదిలేశాక పదో తరగతి ఆడపిల్లలకు సాయంత్రాలు అక్కడే లెక్కలు చెప్పేదాన్ని. గోడకు నల్లబల్ల, నేలమీద చాపలు. ముందు ఆయన ఒక మూల బల్ల వేశారు. దాని పక్కన ఇంకోటి వేశారు. దసరాకి సగం హాలు పోయింది, ఉగాదికి మొత్తం పోయింది. గోనెపట్టాలు, సున్నం కలిపి నల్లబల్లకు అడ్డంగా కొండ కట్టారు. ఆ కొండలో సొరంగం. నా పిల్లలు కింద వరండాలోకి దిగారు. వానొస్తే జల్లు పుస్తకాల మీద పడేది. త్రికోణమితి చెబుతుంటే వీధిలో గేదెలు వచ్చి నిలబడి వినేవి.

చూడటానికి జనం వచ్చేవారు. అందరూ గుమ్మంలోనే “అబ్బ!” అనేవారు. నిజమే, పెద్దదే. బొంబాయి నుంచి తెప్పించిన ఇంజన్లు, వేలెడంత పెట్టెలు, గోడ వారగా తిరిగే పట్టాలు, వెలిగి ఆరే సిగ్నళ్లు. కానీ పెద్దదైనంత మాత్రాన గొప్పదని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఆయన కట్టిన సామర్లకోట జంక్షన్‌లో నలుగురంటే నలుగురు ప్రయాణికులు, నలుగురూ ఇస్త్రీ బట్టల్లో. పంచదార ఫ్యాక్టరీ ఉంది, చెరకు మడ్డి వాసన లేదు. బెడ్డింగు మీద కూర్చుని పిల్లకు పాలిచ్చే తల్లి లేదు. ఇంతటి స్టేషన్ కట్టిన మనిషి, నిజం సామర్లకోటలో కాకినాడ బండి మారాల్సి వస్తే ఏ ప్లాట్‌ఫారమో నన్నడిగేవారు. రిజర్వేషన్ ఫారం ఒక్కసారి కూడా తన చేత్తో నింపలేదు.

ఇక వంతెన. కొత్తగా కట్టిన విల్లు కమానుల వంతెనను ప్లైవుడ్డుతో కోసి, తెల్ల రంగు వేసి, హాలు మధ్యలో పెట్టారు. నిజంలో ఎనభై ఏడు అడుగులుంటే ఇక్కడ ఒక అడుగు అన్నది ఆయన చెప్పిన కొలతే. గోదావరి మీద ఆ వంతెన రెండుముప్పావు కిలోమీటర్లకు కాస్త తక్కువ. లెక్క కట్టి చూపించాను.

“వంద అడుగులు రావాలి. మీరు పదకొండు వేశారు. ఇది గోదారి కాదండీ, పంటకాలవ.”

“లెక్క ప్రకారం వేస్తే వంతెన పక్కింటివాళ్ల వంటింట్లోకి పోతుందే.”

“పోనివ్వండి. వాళ్లు టికెట్ కొనుక్కుంటారు.”

2002 చివర్లో ఒక కబురు వచ్చింది. మరుసటి ఏడు పుష్కరాలకు ఊళ్లో ఎగ్జిబిషన్ పెట్టబోయే పెద్దాయన ఒకరు దీని సంగతి విన్నారట. వచ్చి చూస్తారట, నచ్చితే మొత్తం తీసుకెళ్లి తన గొడౌన్‌లో భద్రపరుస్తారట. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఆయనకు నచ్చితే నా పిల్లలకు హాలు దొరుకుతుంది, నచ్చకపోతే పరీక్షల దాకా వరండాయే. ఆ బొమ్మ రైలు చక్కగా నడవాలని నాకంటే ఎక్కువగా కోరుకున్నవారు ఆ ఊళ్లో ఎవరూ ఉండరు.

ఆయన వస్తానన్న రోజు మా ఆడపడుచు ఇరుగమ్మలను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు. అంతా సవ్యంగా ఉంటే మావారికి తోచదు కదా. వంతెన కింద నీలం రంగు వేసిన రేకు తొట్టిలో అప్పటిదాకా నీళ్లుండేవి కావు. ఆ పొద్దున రెండు బిందెలు పోశారు.

“ఇది పెయింటనుకునేరు! రేవుకెళ్లి నేనే తెచ్చానండి. అసలు సిసలు గోదారి నీళ్లు” అని అందరూ వినేలా చెప్పారు.

రైలు సొరంగంలోంచి వచ్చింది. సామర్లకోటలో ఆగి కదిలింది. వంతెన ఎక్కింది. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మా ఆడపడుచు చెయ్యి కొంగుముడిలోకి వెళ్లింది. రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, “తల్లీ గోదారమ్మా” అంటూ విసిరింది.

తొట్టిలో పడితే బాగుండేది, పట్టాల మీద పడింది. ఆ పట్టాల మధ్య ఎడం పావలా బిళ్లంత కూడా ఉండదు, రెంటిలోనూ కరెంటు. రూపాయి రెంటినీ కలిపింది. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలోంచి పొగ వచ్చింది, సిగ్నళ్లన్నీ ఆరిపోయాయి. రైలు నడి వంతెన మీద నిలబడిపోయింది. పక్కింటావిడ ఈలోగా తన అర్ధరూపాయి కూడా వేసేసింది.

“చెల్లాయ్! ఏంటే నువ్వు చేసిన పని?”

“నేనేం చేశానన్నయ్యా? గోదారి దాటేటప్పుడు డబ్బులెయ్యరేంటి?”

“నువ్వు దాటట్లేదే! బొమ్మలు దాటుతున్నాయి!”

“వాటికి చేతులు కదలవు కదా మరి. వాటి బదులు నేనేశాను.”

రెండేళ్లలో మొదటిసారి ఆయన నోటితో ఆయనే బొమ్మలన్నారు. అది గమనించాను గానీ నా కళ్లు పెద్దాయన మీదే ఉన్నాయి.

ఆయన నవ్వలేదు. “అమ్మగారి తప్పేం లేదండి. ఇక్కడ పదిమందిలో ఇద్దరి చెయ్యి ఆగలేదు. పుష్కరాలకొచ్చే జనం చేతులు మనం పట్టుకోగలమా? వంతెన తీసేసి ఇవ్వండి, మిగతాదంతా రేపే పట్టుకెళ్తాను.”

“నీళ్లు తీసేస్తానండి.”

“నీళ్లు తీసినా వంతెన వంతెనేగా. చూడగానే పోల్చుకుంటారు.”

“వంతెన లేకపోతే ఇది ఏ ఊరండీ?” అన్నారు మావారు.

పెద్దాయన లేచి, కాఫీ తాగి వెళ్లిపోయారు. మా ఆడపడుచు తొట్టిలో చెయ్యి ముంచి నెత్తిన చల్లుకుని మరీ మెట్లు దిగింది.

వారం రోజులు మావారు పొద్దస్తమానం మేడమీదే. ఒక సాయంత్రం వరండాలో పిల్లలకు నిష్పత్తులు చెబుతుంటే వచ్చి నిలబడ్డారు. చలిగాలికి పిల్లలు పైటలు చెవులకు చుట్టుకుని రాస్తున్నారు. కాసేపు చూశారు.

“వంతెన నేనుంచుకుంటాను. తక్కినవి పంపించేస్తాను.”

“రైలు లేకుండా వంతెనేం చేసుకుంటారండీ?”

“ఉంటుంది, అంతే.”

అలాంటి జవాబుకి నేనైతే సున్నా మార్కులు వేస్తాను. కానీ మర్నాడే మనుషులొచ్చి కొండ, సొరంగం, సామర్లకోట అన్నీ దించుకుపోయారు. నల్లబల్ల బయటపడింది. దాని మీద పట్టిన సున్నం గీకడానికే నాకు ఒక పూట పట్టింది. పదకొండు అడుగుల వంతెనను కిటికీ కింద గోడకు చేర్చారు, దాని కింద ఎండిపోయిన రేకు తొట్టి. పుష్కరాల్లో ఆ రైళ్లు ఎలా తిరిగాయో నాకు తెలియదు, చూడటానికి వెళ్లలేదు.

మార్చిలో పరీక్షల ముందురోజు చివరి క్లాసు అయింది. పిల్లలు చాపలు చుట్టి, నాకు దణ్ణం పెట్టి, గుమ్మం వైపు వెళ్లకుండా కిటికీ వైపు వెళ్లారు. రేకు తొట్టిలో టంగుమని బిళ్ల పడిన చప్పుడైంది, ఆ వెంటే మరొకటి.

“రైలు లేదు, చుక్క నీళ్లు లేవు. ఏంటర్రా ఇది?” అన్నాను.

“గోదారి కదండీ, టీచరుగారూ” అంది క్లాసులో అందరికంటే బాగా లెక్కలు చేసే పిల్ల.

వందకు పదకొండు. ఏడాది పొడుగునా నేను వాళ్లకు నేర్పింది నిష్పత్తులు.