భీమవ్వ పిట్టకు పెట్టిన రోజు

మా వాడకట్టులో భీమవ్వ నోటికి జంకనివాళ్లు లేరు. చేతులు బీడీలు చుడుతూనే ఉంటాయి, నోరు ఊరందరినీ దులుపుతూనే ఉంటుంది. మొగుడు దేవన్న ఆర్మూరు మార్కెట్లో పసుపు బస్తాలు మోసే హమాలీ. ఎంత రుద్ది తానం చేసినా చెవుల వెనక పసుపు పోయేది కాదు. "రా, పెండ్లికొడుకా" అని ఏడిపించేది. నిరుడు పోయాడు పాపం. నిజాం జమానా నాటి బొందలగడ్డలో ఆఖరున పూడ్చింది అతన్నే. తర్వాత దాన్ని చదును చేసి పార్కు చేశారు. సరిగ్గా దేవన్న తలాపున కసరత్తు సైకిలు పాతారు. ఇంకెక్కడా జాగా దొరకలేదు కాబోలు!

ఏడాది మాసికం నాడు పొద్దున్నే పక్కింటిదాన్నని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. అన్నం, మటన్ కూర, సీసాలో కల్లు. మా దగ్గర పిట్ట వచ్చి ముడితేనే పోయినవాడి మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టే.

గేటు దగ్గర వాచ్‌మన్ లింగం అడ్డం నిలబడ్డాడు. "అవ్వా, లోపట తిండి తినొద్దని బోర్డున్నది."

"నేను తింటనార? తినేటోడు లోపట్నే ఉన్నడు. పోయి ఆయనకు సూపెట్టు నీ బోర్డు!"

విస్తరి సైకిలు సీటు మీద పెట్టాం. ఒక్క కాకీ రాదు. ఎలా వస్తుంది? వాకింగు జనం చుట్టూ తిరుగుతూనే ఉన్నారాయె. భీమవ్వ దారికి అడ్డంగా చేతులు చాపింది. "జర ఆగుండ్రి! పిట్ట ముట్టాలె."

ఆగారు. ఆగి ఊరుకుంటారా? వాకర్ల సంఘం అధ్యక్షుడు రఘునందన్ సైకిలుకు దండం పెట్టి, "దేవన్నా, నీ పేరు మీద బెంచీ ఏయిస్తం" అన్నాడు. కాకి రాలేదు. "దుబాయ్ నుంచి నీ కొడుకు బబ్లు రాంగనే ఇల్లు కడ్తడు" అన్నాను నేను. ఊహూఁ. రఘునందన్ ఫోన్లో కాకి అరుపు పెట్టాడు. కుక్క వచ్చింది. లింగం దానికి కూడా బోర్డు చూపించాడు.

నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగానా, భీమవ్వ గడ్డిలో చతికిలబడి ఏడుస్తోంది.

"బబ్లుగాని నాయ్నా, నీ కోరికేందో నాకెర్కనే. నీ పక్కపొంటి నన్ను పెట్టాలంటివి. గీడ ఇగ ఎవ్వల్నీ పెట్టనియ్యరంట. నేను రాలేను. నా కోసం సూడకు."

కాకి దిగింది. ముక్క ఎత్తుకుపోయింది. జనం చప్పట్లు కొట్టి మళ్లీ నడక అందుకున్నారు.

భీమవ్వ మాత్రం లేవలేదు. "సూసినవా శ్యామలా," అంది కళ్లు తుడుచుకోకుండానే, "నేను రానంటే గంత జల్దిన ఒప్పుకుంటడా? ఒక్కపారన్న రమ్మని అడగద్దా?"