కారు షెడ్డుకి కిటికీ

తిరువూరులో హనుమయ్య కారు కొన్నది ఎక్కడికో వెళ్లడానికి కాదు, ఊళ్లోవాళ్లు చూడడానికి. రెడ్డిగూడెం వైపు మామిడితోట విరగకాసిన ఏడాది పాత అంబాసిడరొకటి తెచ్చి, దానికోసం ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించాడు. కారుతోపాటే ఆయన తల్లి పిచ్చమ్మ ఆచారాలు కూడా తెచ్చుకుంది. ఆమె పుట్టింట్లో ఆడవాళ్లు నెలసరి రోజుల్లోనూ చేలోకి వెళ్లి కలుపు తీసేవాళ్లు. కారున్న ఇంటి పెద్దమ్మ అయ్యేసరికి ఆ సంగతి మరిచిపోయి, కరణంగారింట్లో చూసొచ్చిన మడీ మైలా మొత్తం నెత్తికెత్తుకుంది. కోడలు రావమ్మ ఆ మూడు రోజులూ వెనక వసారాలో చాప మీద పడి ఉండేది.

పెట్రోలు ధర మండిపోయిన ఏడాది కారుని బెజవాడ ఆసామికి అమ్మేశారు. ఆచారాన్ని ఎవరూ కొనరు గనక అది ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ షెడ్డు మీద పిచ్చమ్మ కన్ను పడింది.

“ఇకనుంచి బయట చేరితే అందులో ఉండు. వసారాలో వచ్చేపోయేవాళ్ల కాళ్లకి అడ్డం పడతన్నావ్,” అంది కోడలితో.

రావమ్మ వినగడప పిల్ల. ఎస్సెల్సీ పాసైంది. పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారేయదు. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా పిల్లలు లేరు. అందుకని ఆమె బయట చేరిన ప్రతిసారీ పిచ్చమ్మ ఇంటిల్లిపాదికీ వినపడేలా నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వింటే రావమ్మకి ఒళ్లు మండేది.

షెడ్డులో మొదటిసారి కాలు పెట్టగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేలంతా నల్లటి ఆయిలు జిడ్డు. మూలన చిరిగిన టైర్లు, వాటిలో పందికొక్కుల పెంట. పైన రేకుల వేడి. పిచ్చమ్మ తలుపు దగ్గర నిలబడి విస్తట్లోకి ఎత్తు నుంచి పప్పు వదిలితే ఆ పప్పు కూడా పెట్రోలు కంపు కొట్టింది. రావమ్మ ముద్ద మింగలేక విస్తరి మడిచేసింది. ఇంతటి రోతలో మనిషిని కూర్చోబెట్టి, మైల మాత్రం ఆ మనిషిదే అనడం ఆమెకు అన్నిటికన్నా అసహ్యమనిపించింది.

మూడు నాళ్లు ముగిసి తలంటు పోసుకున్న పూటే అత్త దగ్గరికి వెళ్లింది.

“కరణంగారింట్లో ఇలాంటి గదికి కిటికీ ఉంటుందంట అత్తయ్యా. మనకి లేకపోతే ఏమనుకుంటారో,” అంది.

ఉందో లేదో రావమ్మకి తెలియదు. పిచ్చమ్మకీ తెలియదు. మర్నాడే తాపీమేస్త్రీ ఏసోబు వచ్చాడు. ఏసోబుని ఏనాడూ గుమ్మం దాటనివ్వని పిచ్చమ్మ, “అదెటూ మైలగదేగా, నువ్వు తిరిగినా ఏం కాదులే,” అని దయ చూపించింది. ఏసోబు తాపీ పట్టుకుని లోపలికి నడిచాడు. రావమ్మ మాత్రం సిగ్గుతో అటు తిరిగింది.

ఏసోబు పడమటి గోడ కొట్టి కిటికీ పెట్టాడు. రేకుల మీద తాటాకు కప్పించాడు. చాకలిసోడా, బూడిద, రంపంపొట్టు వేసి రావమ్మ తానే నేలని తోమింది, గోళ్లలోకి జిడ్డెక్కి అన్నం తినబుద్ధి కాకపోయినా మానలేదు. జిడ్డు వదిలాక ఏసోబు గచ్చు చేశాడు. గోడలకి సున్నం, మూలన నవారు మంచం, గూట్లో వారపత్రికలు. మిట్టమధ్యాహ్నం కూడా కిటికీలోంచి గాలి వచ్చేది. అవతల పెద్దింట్లో చుట్టల కంపు, హనుమయ్యతో రోజూ ఆడే పేకాటరాయుళ్లు మూలమూలలా ఉమ్మిన తాంబూలం. ఇవేమీ లేని చోటు ఆమెకి ఈ భూమ్మీద అదొక్కటే. ఆ మూడు రోజులు ఎప్పుడొస్తాయా అని ఎదురు చూడడం మొదలెట్టింది. అలా ఎదురు చూసే గతి పట్టించినందుకు ఇంట్లోవాళ్లందరి మీదా ఏవగింపు పుట్టేది.

రోహిణి ఎండల్లో ఒకనాడు హనుమయ్య తన పేకాట జతగాడు అంకారావుని వెంటేసుకుని అటొచ్చాడు. తలుపు తోసి, మంచం మీద కూలబడి, చుట్ట వెలిగించాడు. అంకారావు గచ్చంతా కలయజూశాడు.

“ఇంత గాలి పెట్టుకుని ఆ ఉక్కలో చస్తన్నామేంటి బావా,” అన్నాడు.

హనుమయ్య పెళ్లాన్ని కేకేశాడు. “ఏమే, రేపట్నుంచి మా ఆట ఇక్కడే. ఆ పుస్తకాలూ అయ్యీ తీసెయ్. నీకు గొడ్లపాక పక్కన తడిక కట్టిస్తాలే.”

సున్నం గోడ మీద అప్పుడే చుట్ట నులిమిన మచ్చ ఒకటి పడింది. రావమ్మ దాన్నే చూసింది. వద్దంటే వినే మనిషి కాదాయన. ఏడిస్తే నవ్వుతాడు. ఆమె నేరుగా వంటింట్లోకి నడిచింది.

“అత్తయ్యా, వారు నా మంచం మీద కూర్చున్నారు. అదే పంచెతో దేవుడి గదిలోకి వస్తారేమో. నీళ్లు తోడి ఉంచనా?”

పిచ్చమ్మ గరిటెతోనే బయటికొచ్చి, షెడ్డుకి పది గజాల దూరంలో ఆగింది.

“లెగరా అక్కణ్ణించి. ముట్టుదాని మంచం మీద కూచుంటావా, నీకు బుద్ధుందా?”

“కడిగిస్తాలేమ్మా.”

“గచ్చు కడుగుతావ్, గోడలకి పట్టింది కడుగుతావా? అక్కడ కూచున్నోడు నా వంటింటి వంక చూశాడంటే ఊరుకోను.”

అంకారావు అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని నూతి దగ్గరికి పరిగెత్తాడు. హనుమయ్య కట్టుబట్టలతో చన్నీళ్లు పోసుకుని, తుమ్ముకుంటూ ఇంట్లోకి వెళ్లాడు. మళ్లీ ఆ షెడ్డు పేరెత్తలేదు.

రావమ్మ గెలిచింది. కానీ గోడలకి పట్టిందన్న ఆ మాట ఒంటికి అంటుకుని వదల్లేదు. తన ఒళ్లంటే వీళ్లకి ఉన్న రోతే తన గదికి కాపలా కాసింది. దాన్ని పిలుచుకొచ్చింది తనే.

సాయంత్రం పెద్దింట్లో మళ్లీ పేకాట మొదలైంది. పిచ్చమ్మ దీపం పెడుతుంటే రావమ్మ గుమ్మం అవతలే నిలబడింది.

“అత్తయ్యా, నేను బయటున్నాను.”

ఆ నెల మైలస్నానం చేసి ఇంకా వారం కాలేదు. పిచ్చమ్మకి ఆ సంగతి తెలుసు. అనుమానంగా ఓ అడుగు ముందుకు వేసింది. రావమ్మ కదలకుండా అక్కడే నిలబడింది. పిచ్చమ్మ వేసిన అడుగు వెనక్కి తీసుకుని, పైట ఒంటికి దగ్గరగా లాక్కుని, “పో, పో,” అంది.

ఆ అబద్ధం ఆడినందుకు రావమ్మకి తన నోరంటే తనకే అసహ్యం వేసింది. అయినా షెడ్డులోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.